గర్భాశయం లోపలి అతుకులకు ఆపరేషన్: సర్జన్‌ను ఎలా ఎంచుకోవాలి?

నిరీక్షణ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నిరుడు మూడో నెలలో గర్భస్రావమైనప్పుడు నాకు డి అండ్ సి (గర్భాశయ ద్వారాన్ని తెరిచి లోపలి పొరను గీకి శుభ్రం చేయడం) చేశారు. అప్పటినుంచి నెలసరి ఒకటి రెండు రోజుల మరకలకే పరిమితమైంది కాని, పొత్తికడుపులో నొప్పి మాత్రం ప్రతి నెలా ఆ రోజుల్లో తప్పకుండా వస్తోంది. హార్మోన్ల పరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు. హెచ్‌ఎస్‌జి ఎక్స్‌రే తీసినప్పుడు రంగుమందు గర్భాశయంలో ఒక పక్కకు చేరలేదని, లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవచ్చని, దీనినే ఆషర్మన్ సిండ్రోమ్ అంటారని చెప్పారు.

ఇప్పుడు ఇద్దరు వైద్యులలో ఒకరిని ఎంచుకోవలసి ఉంది. మొదటివారు మా కుటుంబానికి ఏళ్ల తరబడి తెలిసిన గైనకాలజిస్టు. సిజేరియన్లలోను, గర్భసంచి తొలగించే ఆపరేషన్లలోను వారికి మంచి పేరుంది. "ఇంకొక్కసారి లోపల శుభ్రం చేస్తే అతుకులు విడిపోతాయి" అని వారు అంటున్నారు. రెండవవారు ప్రధానంగా హిస్టరోస్కోపీలే (సన్నని కెమెరాను గర్భాశయంలోకి పంపి చూస్తూ చేసే పరీక్షలు, ఆపరేషన్లు) చేస్తారు. చాలా దూరం వెళ్లాలి, పైగా ఒక్క ఆపరేషన్‌తో పూర్తవుతుందని మాట ఇవ్వలేనని మొదటిరోజే చెప్పేశారు. అది విని మా ఇంట్లోవాళ్లు వెనుకాడుతున్నారు. సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ఏయే విషయాలు చూడాలో, ఏ ప్రశ్నలు అడగాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

మల్లెపందిరి

నిరీక్షణగారూ, ఈ చికిత్స చేయించుకున్నదాన్ని కనుక చెబుతున్నాను. "ఇంకొక్కసారి శుభ్రం" అన్న మాట దగ్గరే మీరు ఆగి ఆలోచించాలి. గర్భాశయపు లోపలి పొరలో పైభాగం ప్రతి నెలా రాలిపోయి, అడుగుభాగం నుంచి మళ్లీ పెరుగుతుంది. గర్భస్రావం తర్వాతనో కాన్పు తర్వాతనో క్యూరెట్ అనే పరికరంతో గీకినప్పుడు ఆ అడుగుపొర దెబ్బతింటే, రెండు గోడలమీది పచ్చిగాయాలు కలిసిపోయి మచ్చ కడతాయి. జోసెఫ్ ఆషర్మన్ 1948లో ఈ పరిస్థితిని వివరించారు. అంతకు చాలాముందే, 1894లో, హైన్రిచ్ ఫ్రిట్ష్ ఇలాంటి ఒక కేసును నమోదు చేశారు. ఇంత పాత సంగతి తెలిసికూడా, కంటికి కనిపించని చోట మళ్లీ అదే పరికరంతో గీకుతామంటే, మిగిలి ఉన్న కాస్త మంచి పొరను కూడా పణంగా పెట్టినట్లే. హిస్టరోస్కోప్ వచ్చిన తర్వాత ఈ జబ్బుకు గుడ్డిగా చేసే డి అండ్ సికి చికిత్సగా చోటు లేదు.

ఇక, హామీ ఇవ్వలేనన్న వైద్యుని చూసి మీవాళ్లు భయపడ్డారన్నారు. నాకైతే ఆ మాటే ఆయన మీద నమ్మకం కలిగిస్తోంది. ఈ అతుకులు విడదీసిన తర్వాత మళ్లీ ఏర్పడే స్వభావం కలవి. ఆ సంగతి మొదటి సంప్రదింపులోనే చెప్పేవారికి దానిని ఎదుర్కొనే ప్రణాళిక కూడా ఉండే అవకాశం ఎక్కువ.

తెల్లకోటు

నేను గైనకాలజిస్టును. మీ రిపోర్టులు చూడలేదు కనుక మీ కేసు గురించి కాక, ఎంపిక గురించే రాస్తాను.

ముందుగా నిర్ధారణ. హెచ్‌ఎస్‌జిలో రంగు చేరని చోటు అతుకే కానక్కరలేదు. గాలిబుడగ, పాలిప్ (లోపలి పొరపై పెరిగే చిన్న కండ), గడ్డకట్టిన రక్తం కూడా అలా కనిపించగలవు. కెమెరాతో లోపల చూసినప్పుడే అతుకు ఉన్నదీ లేనిదీ, పలచనిదా దళసరిదా, ఫాలోపియన్ నాళాల ద్వారాలు కనిపిస్తున్నాయా అన్నవి తేలుతాయి. కాబట్టి హిస్టరోస్కోపీ చేయకుండానే ఆపరేషన్ ఫలితం ఎలా ఉంటుందో చెప్పేవారిని కాస్త అనుమానించండి.

తర్వాత సర్జన్ చేతి నేర్పు. ఒక సర్జన్ పొట్ట మీద చేసే పెద్ద ఆపరేషన్లలో ఎంత నేర్పరి అయినా, ఈ పనికి వేరే సాధన కావాలి. పాలిప్ తీసేటప్పుడు గర్భాశయ కుహరం ఆకారం కళ్లముందే ఉంటుంది. తీవ్రమైన అతుకులలో ఆ ఆకారమే ఉండదు, మూసుకుపోయిన దారిని వెతుక్కుంటూ పోవాలి. అందుకే "హిస్టరోస్కోపీలు ఎన్ని చేశారు" అని కాక, "ఇలాంటి అతుకుల కేసులు తరచుగా చేస్తారా, వాటిలో తీవ్రమైనవి ఎన్ని, ఎంతమందికి నెలసరి తిరిగి వచ్చింది, ఎంతమందికి రెండోసారి చేయవలసి వచ్చింది" అని అడగండి. అంకెలు నోటికి రాకపోయినా ఫరవాలేదు కాని, ప్రశ్న అడిగినందుకే విసుక్కునేవారి దగ్గర ఉండనక్కరలేదు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: "లోపల దారి దొరకకపోతే ఏం చేస్తారు?" మంచి సర్జన్ అల్ట్రాసౌండ్ సాయంతో కాని, అవసరమైతే లాపరోస్కోప్‌తో (పొట్టలోకి పంపే కెమెరా) గర్భాశయాన్ని బయటినుంచి గమనిస్తూ కాని ముందుకు వెళ్తానని, అప్పటికీ స్పష్టత లేకపోతే అక్కడితో ఆపి మరో విడతలో చేస్తానని చెబుతారు. ఎలాగైనా ఒకే విడతలో పూర్తి చేయాలన్న పట్టుదల ఈ ఆపరేషన్‌లో గుణం కాదు, గర్భాశయానికి రంధ్రం పడే ప్రమాదం అక్కడే ఎక్కువ.

పరికరం విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. చాలామంది కరెంటు వాడకుండా చిన్న కత్తెరతో కోయడానికే ఇష్టపడతారు, ఎందుకంటే వేడి పక్కనున్న మంచి పొరకు హాని చేయవచ్చు, పొరపాటున రంధ్రం పడితే పేగుకు కాలిన గాయమయ్యే అవకాశమూ ఉంటుంది. కరెంటు మొనల మధ్యే ప్రవహించే బైపోలార్ పరికరంతో జాగ్రత్తగా చేసే నిపుణులూ ఉన్నారు. కనుక ఏది వాడతారన్నదానికంటే, ఎందుకు వాడతారో వివరించగలరా అన్నది చూడండి. కుహరాన్ని తెరిచి ఉంచడానికి పంపే ద్రవంలో ఎంత శరీరంలోకి చేరుతోందో లెక్క పెట్టేవారు థియేటర్‌లో ఉండాలి. ఆరోగ్యవంతుల విషయంలో కూడా సెలైన్ లోటు (పంపినదానిలో తిరిగి బయటికి రాని భాగం) 2,500 మిల్లీలీటర్లకు చేరితే ఆపరేషన్ నిలిపివేయాలన్నది ప్రామాణిక మార్గదర్శకం. శరీరం గుండా పోయే మోనోపోలార్ కరెంటుతో వాడే గ్లైసిన్ వంటి ద్రవాలకు ఆ హద్దు 1,000 మాత్రమే.

నిరీక్షణ

తెల్లకోటుగారికి, మల్లెపందిరిగారికి కృతజ్ఞతలు. రెండవ వైద్యుని ఫోన్‌లో సంప్రదించి దారి దొరకకపోతే ఏం చేస్తారని అడిగాను. అల్ట్రాసౌండ్ సాయంతో చేస్తామని, అవసరమైతే ఆపేస్తామని చెప్పారు. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు లోపల బెలూన్ ఉంచుతారట, ఈస్ట్రోజెన్ మాత్రలు ఇస్తారట, మళ్లీ కెమెరాతో చూస్తారట. ఇవన్నీ నిజంగా అవసరమా? ఇంకొక చోట పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం), స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే పొర మళ్లీ పెరుగుతుందని ప్రకటన చూశాను. దాని మాటేమిటి?

తెల్లకోటు

ఆపరేషన్ రోజుతో ఈ చికిత్స పూర్తికాదు. మార్గదర్శకాల్లో పేర్కొన్న అంచనా ప్రకారం, ఒక మోస్తరు అతుకులు మూడింట ఒకవంతు మందిలోను, తీవ్రమైనవి మూడింట రెండువంతుల మందిలోను తిరిగి ఏర్పడవచ్చు. గోడలు రెండూ ఒకదానికొకటి తగలకుండా ఉంచడానికే బెలూన్, లేదా హయలురోనిక్ ఆమ్లపు జెల్. గర్భనిరోధానికి పెట్టే కాపర్ లూప్‌ను మాత్రం ఈ పనికి వాడకపోవడమే మంచిది, రాగి లోపల వాపును రేపుతుంది. ఈస్ట్రోజెన్ ఎంత మోతాదులో, ఎన్నాళ్లు ఇవ్వాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు కాని వాడటం సాధారణమే.

మళ్లీ కెమెరాతో చూడటం ముఖ్యం. కొందరు ఒకటి రెండు వారాల్లోనే, మరికొందరు ఒకటి రెండు నెలసరులు వచ్చాక చూస్తారు. కొత్తగా పుట్టిన అతుకులు ఆ దశలో సాలెగూడులా పలచగా ఉండి, స్కోప్ కొనతోనే విడిపోతాయి. ఆలస్యమైతే దళసరి అవుతాయి. ఆ పరీక్షను తమ ప్రణాళికలో చేర్చని సర్జన్‌ను నేను సిఫారసు చేయను. మీకు దూరం భారమైతే, రెండో పరీక్షను మత్తు లేకుండా క్లినిక్‌లోనే చేయగలరేమో, లేదా దగ్గరలో హిస్టరోస్కోపీ చేసేవారి చేత చేయించి వీడియో పంపించవచ్చునేమో అడగండి.

పీఆర్‌పీ, స్టెమ్ సెల్స్ ఇంకా పరిశోధన దశలో ఉన్నాయి. క్రమబద్ధమైన అధ్యయనంలో పాల్గొనమంటే అది వేరు. మామూలు చికిత్సగా డబ్బు తీసుకుని ఇస్తామంటే దూరంగా ఉండండి.

కొత్తచిగురు

ఒక చిన్న విషయం. నాకు డి అండ్ సి ఎప్పుడూ జరగలేదు, అయినా అతుకులు వచ్చాయి. కారణం గర్భాశయ క్షయ అని బయాప్సీలో తేలింది. టీబీ మందుల కోర్సు ముగిసిన తర్వాతే మా సర్జన్ ఆపరేషన్ గురించి మాట్లాడారు, క్షయ వల్ల పొర దెబ్బతిన్నప్పుడు ఫలితాలు అంత బాగుండవని కూడా దాచకుండా చెప్పారు. కారణం వెతకకుండా నేరుగా తేదీ ఇచ్చేవారిని "ఇది ఎందుకు వచ్చిందనుకుంటున్నారు" అని తప్పక అడగండి.

మల్లెపందిరి

నిరీక్షణగారూ, ఇంకొక ప్రశ్న జాబితాలో చేర్చుకోండి: ఆపరేషన్ వీడియోను, అతుకుల తీవ్రతను రాసిన రిపోర్టును మీకు ఇస్తారా? తర్వాత ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా అవి ఉపయోగపడతాయి. నేను రెండవ అభిప్రాయం అడిగినప్పుడు మాటలతో వివరించవలసిన అవసరమే రాలేదు. మీ కుటుంబ వైద్యురాలిని వదులుకోనవసరం లేదు, రేపు కాన్పు చూడవలసినది వారే కావచ్చు.

తెల్లకోటు

ఆ చివరి మాట చాలా ముఖ్యమైనది. అతుకులకు చికిత్స జరిగిన గర్భాశయంలో నిలిచిన గర్భంలో మాయ గోడలోకి చొచ్చుకుపోయి కాన్పు తర్వాత ఊడిరాకపోయే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. కనుక గర్భం నిలిచిన వెంటనే ఈ ఆపరేషన్ సంగతి కాన్పు చూసే వైద్యురాలికి చెప్పి, స్కానింగ్‌లలో మాయ ఎక్కడ, ఎలా అతుక్కుని ఉందో ప్రత్యేకంగా చూడమనండి. ఒకవేళ మళ్లీ గర్భస్రావమైతే, క్యూరెట్ వాడే ముందు మందులతో కాని, హిస్టరోస్కోప్‌తో చూస్తూ కాని తీయగలరా అని అడిగే హక్కు మీకుంది.