రెండు 3డి అల్ట్రాసౌండ్ స్వీప్‌లు కలిపితే గీతలు జంటగా వస్తున్నాయి, ఎందుకు?

ఎంటెక్_రెండో_ఏడు:
నా ప్రాజెక్టు మెదడు సర్జరీ నేవిగేషన్ మీద. ప్రోబ్ ఎక్కడుందో చెప్పే ట్రాకర్ బిగించిన లీనియర్ ప్రోబ్‌తో నీళ్ల టబ్బులో కట్టిన నైలాన్ దారాలను స్కాన్ చేస్తున్నా. ప్రోబ్‌ను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి 30 డిగ్రీలు వాల్చి రెండు స్వీప్‌లు (ప్రోబ్ జరుపుతూ వరసగా తీసిన చిత్రాలు) తీశా. 3డి స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ఒక్కో దారం రెండుగా కనిపిస్తోంది, మధ్య దాదాపు 3 మి.మీ. ఎడం. దారాలు 8 సెం.మీ. లోతులో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ (రెండు చిత్రాలను ఒకదానిపై ఒకటి సరిపెట్టే లెక్క) పెట్టి దగ్గరికి లాగెయ్యనా? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

ఓటీ_నేవిగేషన్:
లాగకు తమ్ముడూ. బొమ్మ బాగుంటుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. టబ్బులో కుళాయి నీళ్లేనా? ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లని మెషీన్ లెక్క. ఏసీ ల్యాబ్‌లో 20 డిగ్రీల నీళ్లలో అది 1480 చిల్లరే. అంటే లోతు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది, నీ 8 సెం.మీ. దగ్గర 3 మి.మీ. పైచిలుకు. రెండు స్వీప్‌లూ చెరో దిక్కు నుంచి చూస్తాయి కాబట్టి దారాన్ని చెరో పక్కకి నెడతాయి. థర్మామీటర్ పెట్టి, ఆ వేడికి తగ్గ నిష్పత్తిలో లోతు స్కేలు తగ్గించు. అయినా జంట పోకపోతే, అదే చోట ప్రోబ్‌ను ముందుకొకసారి, వెనక్కొకసారి జరిపి చూడు. దారం కూడా అటూ ఇటూ జరిగిందంటే ట్రాకర్‌కీ చిత్రానికీ టైం కుదరట్లేదు.

న్యూరో_రెసిడెంట్:
టబ్బు వరకు సరే, ఆపరేషన్ టేబుల్ మీద కథ వేరు. డ్యూరా (మెదడు మీది పొర) తెరిచాక ద్రవం కారి మెదడు జారుతుంది, ఒక్కోసారి సెంటీమీటరు పైనే. ముందు తీసిన ఎంఆర్ఐ అప్పటికి పాతదైపోతుంది. ఇక కణితి తీసిన గుంతలో సెలైన్ నింపితే అడుగు తెల్లగా మెరుస్తుంది. సెలైన్ ధ్వనిని పెద్దగా తగ్గించదు, మెషీనేమో మధ్యలో కణజాలం ఉందనుకుని ప్రతిధ్వనిని పెంచేస్తుంది. చూస్తే అచ్చం మిగిలిపోయిన కణితే! కోణం మారిస్తే ఆ మెరుపూ చోటు మారుతుంది. రెండూ సగటు చేసి మా చేతికిస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? కలపండి, కానీ విడి స్వీప్‌లు చూసే బటన్ తీసెయ్యకండి.

ఎంటెక్_రెండో_ఏడు:
థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ డాక్టర్ గారూ. నీళ్లు 22 డిగ్రీలున్నాయి. 0.966తో గుణిస్తే దారాలు ఒక్కటయ్యాయి. బటన్ కూడా పెడతాను. ఎంఆర్ఐతో కలపడానికి మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ (రెండు చిత్రాల పోలికను కొలిచే లెక్క) చాలా?

ఓటీ_నేవిగేషన్:
అల్ట్రాసౌండ్ దగ్గర అది తరచూ తప్పుతుంది. ఎల్‌సీ2 అని ఇంకో పోలిక కొలత ఉంది, అది ప్రయత్నించు. డేటాకి నార్వేలోని ట్రాండ్‌హైమ్ వాళ్ల రిసెక్ట్ అనే ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ డేటాసెట్ ఉంది, 23 మంది రోగులది, పోల్చుకోవడానికి గుర్తులు పెట్టే ఇచ్చారు. దాని మీద నడిపే ముందు ఆ 0.966 తీసెయ్యి, అది నీ టబ్బుకే.