టాంపా: మిల్టన్ వస్తోంది, ఉండాలా వెళ్ళాలా?

2024 అక్టోబరు 7, సోమవారం రాత్రి. యూనివర్సిటీ దగ్గర్నుంచి

గ్రూపులో అందరికీ నమస్కారం. ఆగస్టులో ఫ్లోరిడాలోని టాంపాకి మాస్టర్స్‌కి వచ్చాను. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, నలుగురం, ఎవరికీ కారు లేదు. మొన్న హెలీన్ తుపాను అప్పుడు సెలవిచ్చారు, వాన చూస్తూ మ్యాగీ తిన్నాం, అంతే. ఇప్పుడీ మిల్టన్ తుపానుకేమో ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి, కేటగిరీ 5 అంటున్నారు. మాది గాజువాక. హుద్‌హుద్ అప్పుడు నేను ఏడో తరగతి. ఇది మన పదో నంబరు హెచ్చరిక లాంటిదా? ఒక రూమ్మేట్ అట్లాంటా బస్సెక్కేద్దామంటాడు, ఇంకొకడు ఏం కాదులే అంటాడు. అమ్మ గంటకోసారి ఫోన్ చేస్తోంది.

బ్రాండన్ నుంచి

తమ్ముడూ, నేనుండేదీ టాంపా పక్కనే. ముందు ఆ 5 సంగతి పక్కన పెట్టు. కేటగిరీ అనేది గాలి లెక్క. మనుషుల్ని ఎక్కువగా మింగేది నీళ్ళు. మా అమ్మమ్మది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19న దివిసీమని ఊడ్చేసింది ఉప్పెన. ఇక్కడ సర్జ్ అంటారు, అదే ఇది. టాంపా బేకి (మన ఊరి అఖాతానికి) ఈ రోజు చెబుతున్న సర్జ్ 8 నుంచి 12 అడుగులు. బేలో నీళ్ళు లోతు తక్కువ కాబట్టి తోసుకొచ్చిన నీరు పైకే లేస్తుంది.

ఇప్పుడే కౌంటీ సైట్‌లో మీ అడ్రసు కొట్టి ఎవాక్యుయేషన్ జోన్ చూడు. A నుంచి E దాకా ఒక అక్షరం వస్తుంది, లేదా ఏదీ రాదు. మన హిల్స్‌బరో కౌంటీలో A, B వాళ్ళని, ఏ జోన్‌లో ఉన్నా సరే మొబైల్ హోమ్‌లలో ఉండేవాళ్ళని ఖాళీ చేయమన్నారు. ఇంకో మాట: లీజు కాగితాల్లో కనిపించే ఫ్లడ్ జోన్ వేరు, అది ఇన్సూరెన్స్ కోసం గీసింది. నేనే మొదటి ఏడాది ఆ రెండూ ఒకటే అనుకుని హాయిగా పడుకున్నాను.

హ్యూస్టన్ నుంచి

అక్షరం రాకపోతే హైవే ఎక్కకండి బాబూ. 2005లో రీటా అప్పుడు మా ఊళ్ళో వెళ్ళాల్సినవాళ్ళూ, అక్కర్లేనివాళ్ళూ అందరూ ఒకేసారి బయల్దేరారు. మూడు గంటల దారికి ఇరవై గంటలు, ఎండలో, పెట్రోలు అయిపోయి. ఆ తుపానులో పోయినవాళ్ళలో చాలామంది ఆ ప్రయాణంలో పోయినవాళ్ళే. జోన్‌లో ఉన్నా వందల మైళ్ళు పోనక్కర్లేదు, పది ఇరవై మైళ్ళ లోపలికి ఎవరింటికైనా వెళ్తే చాలు. నీళ్ళ నుంచి పారిపోవాలి, గాలి నుంచి దాక్కోవాలి.

అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు. ఈ జులైలో బెరిల్ తుపాను మాకు వట్టి కేటగిరీ 1. నవ్వుకున్నాం. ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. మాకు ఆరో రోజు వచ్చింది, అదీ హ్యూస్టన్ జులై ఎండల్లో.

వెస్లీ చాపెల్ నుంచి

నీళ్ళ సీసాలు, బ్రెడ్డు దొరకట్లేదని అందరూ ఏడుస్తున్నారు. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళండర్రా! అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, ఖాక్రాలు ఈ సాయంత్రం కూడా నిండుగా ఉన్నాయి. మీ స్టవ్ కరెంటుది, కుక్కర్ కరెంటుది. కరెంటు పోతే బియ్యం బస్తా ఉన్నా పస్తే. అటుకులు నీళ్ళలో తడిపి కాస్త ఆవకాయ కలుపుకుంటే పొయ్యి అక్కర్లేదు. పులిహోర రేపు చేసుకోండి, పెరుగన్నం మాత్రం వద్దు. దోసెల పిండి ఉంటే ఈ రాత్రే పోసేసుకోండి, కరెంటు లేని ఫ్రిజ్‌లో అది పొంగి ఏం చేస్తుందో ఇర్మా తుపాను అప్పుడు చూశాను, తలుపు రబ్బరు సందుల్లోంచి కూడా కడిగాను.

నీళ్ళు కొనడం దేనికి? ఇప్పుడు కుళాయిలో వస్తున్నవి మంచివే. గిన్నెలు, సీసాలు, జిప్‌లాక్ కవర్లు, దేన్నీ వదలకుండా నింపండి. కవర్లు ఫ్రీజర్‌లో పెడితే ఐసూ అవే, తర్వాత తాగడానికీ అవే. బాత్‌టబ్ నింపేది ఫ్లష్‌కి. ఒక కప్పు నీళ్ళు గడ్డకట్టించి దాని మీద క్వార్టర్ నాణెం పెట్టండి. తర్వాత చూస్తే నాణెం పైనే ఉంటే సరుకు బాగున్నట్టు. అడుక్కి పోయిందంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని లెక్క, పారేయండి. ఫ్రిజ్ తెరవకపోతే నాలుగు గంటలు, నిండు ఫ్రీజర్ రెండు రోజులు ఆగుతుంది. "ఇంకా చల్లగా ఉందా" అని గంటకోసారి తెరిచి చూసేవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, వాణ్ణి దూరంగా కూర్చోబెట్టండి.

రేపు అటు పనుంది, పులిహోర నేనే తెచ్చిస్తాను. బుధవారం మాత్రం పిలవొద్దు, మధ్యాహ్నం దాటాక కారు తీయను.

బ్రాండన్ నుంచి

పాస్‌పోర్టు, ఐ-20 (కాలేజీ ఇచ్చిన వీసా కాగితం) ఫోటోలు తీసి ఇంటికి పంపు, అసలువి జిప్‌లాక్‌లో పెట్టు. మీ కింద ఎవరైనా జనరేటర్ పెడితే అది బాల్కనీలో కాదు, ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఉండాలని చెప్పు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

అమ్మల సంగతి: నలుగురి అమ్మల్లో ఒకరిని లీడర్ని చేయండి. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి ఆవిడకి ఒక్క మెసేజ్, మిగతావాళ్ళకి ఆవిడే చెబుతారు. ఫోన్ కాల్ కలవనప్పుడూ టెక్స్ట్ చాలాసార్లు వెళ్ళిపోతుంది, బ్యాటరీ మిగులుతుంది.

మంగళవారం పొద్దున. యూనివర్సిటీ దగ్గర్నుంచి

అన్నా, మాకు ఏ అక్షరమూ రాలేదు. ఉంటున్నాం. అట్లాంటా వాడు అలిగాడు. హుద్‌హుద్‌లో మధ్యలో గాలి ఆగితే మా నాన్న రేకులు చూడ్డానికి బయటికెళ్ళారు, కాసేపటికి రెండో వైపు నుంచి కొట్టింది. ఇక్కడా అలాగే అవుతుందా?

బ్రాండన్ నుంచి

కన్ను మన మీదుగా పోతే అంతే. నిశ్శబ్దం అయిందని తలుపు తీయకండి. కిటికీల్లేని చోట, మీకైతే బాత్‌రూమ్ బయట నడవాలో, పరుపులు వేసుకోండి.

గురువారం మధ్యాహ్నం. యూనివర్సిటీ దగ్గర్నుంచి

నలుగురం బాగున్నాం. లీడర్ అమ్మకి పొద్దున ఎనిమిదింటి మెసేజ్ పెట్టాం, రాత్రిది గంట ఆలస్యమైందని తిట్లు పడ్డాయి. మిల్టన్ దక్షిణంగా జరిగి సియెస్టా కీ దగ్గర తీరం దాటిందట, కేటగిరీ 3గా. అందుకే బేలోకి నీళ్ళు రావడం మాని బయటికి పోయాయంటున్నారు. ఉప్పెన తప్పింది కానీ వాన తప్పలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలు దాటిందట, మా పార్కింగ్‌లోనూ మోకాళ్ళ లోతు. జోన్ లేని చోటికి నీళ్ళు రావనుకున్నాం.

రాత్రి పదింటికి కరెంటు పోయింది. గాలి చప్పుడు కన్నా బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టంలోంచి వచ్చిన ఈల భయపెట్టింది. అక్కా, మీ పులిహోర కరెంటు కన్నా ముందే అయిపోయింది. నాణెం పైనే ఉంది, అలిగినవాడు రెండుసార్లు తెరిచి చూశాడు.

కింది ఇంటి తెలుగు కుటుంబం కారు సీట్ల దాకా మునిగింది. నీళ్ళు తీశాయి, స్టార్ట్ చేసి చూడమంటారా?

వెస్లీ చాపెల్ నుంచి

వద్దు! తాళం కూడా పెట్టొద్దని చెప్పు. నీళ్ళ గీత కనబడేలా లోపలా బయటా ఫోటోలు తీసి ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేయమను. కాంప్రహెన్సివ్ (వరద నష్టానికీ ఇచ్చేది) తీసుకున్నారా అని అడుగు, లయబిలిటీ (ఎదుటివాళ్ళ నష్టానికే ఇచ్చేది) ఒక్కటే అయితే ఏమీ రాదు. వాళ్ళింట్లో చిన్నపిల్లలున్నారా? మాకు కరెంటుంది, రోడ్డు తెరిచారంటే సాయంత్రం వచ్చి తీసుకొస్తాను.