పద్నాలుగేళ్లు నిలబడిపోయిన అంబాసిడర్: నూనె పోసి నానబెట్టాలా, ముందే హెడ్ విప్పాలా?

కాకినాడ కుర్రాడు:
మా నాన్నగారి కారు 1978 అంబాసిడర్, మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. ఆయన పోయాక షెడ్‌లో పెట్టేశాం. పద్నాలుగేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. పోయిన ఆదివారం కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే టక్‌మని ఒక్క శబ్దం వచ్చింది, అంతే. ముందు హ్యాండిల్ పెట్టి ఇద్దరం బలం వేసినా వెంట్రుకవాసి కదల్లేదు. ఒక మెకానిక్ "ప్లగ్గుల్లోంచి ఆయిల్ పోసి పది రోజులు వదిలెయ్, అదే వదులుతుంది" అన్నాడు. ఇంకొకాయన హెడ్ (సిలిండర్ల మీది మూత) విప్పకుండా చెయ్యి పెట్టొద్దన్నాడు. అమ్మకి ఈ కారంటే ప్రాణం. నా తొందర వల్ల పాడవకూడదు. ఎవరి మాట వినాలి?

బెజవాడ గ్యారేజ్:
తమ్ముడూ, ముందు పట్టేసింది ఇంజనేనా అన్నది తేల్చుకో. గేరు న్యూట్రల్‌లో ఉందా? ఫ్యాన్ బెల్ట్ తీసెయ్, వాటర్ పంపో డైనమోనో బిగుసుకుని ఉండొచ్చు. సెల్ఫ్ మోటార్ కూడా విప్పు. దాని పినియన్ రింగ్ గేర్ పళ్లలో ఇరుక్కుంటే అచ్చం ఇంజన్ జామ్ అయినట్టే ఉంటుంది. ఇవన్నీ తీసినా కదలకపోతే అప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఏటీఎఫ్ సగం, ఎసిటోన్ సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో కొంచెం పొయ్యి. ఎసిటోన్ దగ్గర అగ్గిపుల్ల కూడా ఉండకూడదు. రోజూ చూసి, దిగిపోయిన చోట మళ్లీ పొయ్యి. వారం దాటాక హ్యాండిల్‌తో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపు, ఒకే వైపు బలం పెట్టొద్దు. ప్లగ్గులు మాత్రం బయటే ఉండాలి. లోపల ఆయిల్ నిలిచి ఉండగా ప్లగ్గులు బిగించి తిప్పితే ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఈ పద్ధతిలో నేను రెండు ఇంజన్లు వదిలించాను.

నెల్లూరు 1489:
నాదీ ఇదే ఇంజన్, ఇలాగే నానబెట్టాను. పన్నెండో రోజు హ్యాండిల్ తిరిగింది. ఆనందంలో అదే సాయంత్రం స్టార్ట్ చేశాను. నలభై కిలోమీటర్లు కూడా తిరగకముందే నీలం పొగ, లోపల టకటక. హెడ్ విప్పితే రెండో సిలిండర్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో పైది రెండు ముక్కలై ఉంది. బోర్ (సిలిండర్ లోపలి గోడ) మీద పైనుంచి కిందకి గోరు దిగేంత గీత. ముందే విప్పి ఉంటే హోనింగ్‌తో, అంటే బోర్‌ని పైపైన రాయితో రుద్దితే, పోయేది. చివరికి నాలుగూ బోరింగ్ చేయించి (లోపల కోసి పెద్దవి చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాల్సి వచ్చింది.

లోపల జరిగేది ఇదీ. బ్లాక్ పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. బండి ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్ వాల్వ్ తెరుచుకునే ఉంటుంది. దాంట్లోంచి తేమ దిగి, రింగులు ఆనుకున్న చోట తుప్పు వలయంలా కడుతుంది. క్రాంక్ షాఫ్ట్ ఒక్కటే కాబట్టి ఒక్క పిస్టన్ పట్టుకున్నా నాలుగూ ఆగిపోతాయి. నువ్వు పోసిన ఆయిల్ బాగున్న మూడు సిలిండర్లలోనూ తెల్లారేసరికి రింగుల పక్కనుంచి సంప్‌లోకి (అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) జారిపోతుంది. పట్టేసినదాంట్లో అలాగే నిలబడుతుంది. కాబట్టి నానబెట్టడం వల్ల ఏది జబ్బు సిలిండరో తెలుస్తుంది, ఎంత జబ్బో తెలియదు. ప్లగ్ రంధ్రం పక్కన ఏటవాలుగా ఉంటుంది, టార్చ్ వేసినా పిస్టన్ నెత్తి కొంచెమే కనిపిస్తుంది, బోర్ గోడ కనిపించదు.

పల్నాడు రైతు:
మా ఊళ్లో ఇలాంటి బండికి ట్రాక్టర్ కట్టి, టాప్ గేర్‌లో లాగి క్లచ్ వదిలేవాళ్లు. ఒక్క లాగుకి వదిలేది.

బెజవాడ గ్యారేజ్:
దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు. టన్ను పైగా ఉన్న కారు బరువంతా బిగుసుకున్న ఆ ఒక్క పిస్టన్ మీద పడుతుంది. రింగ్ గాడులు విరగొచ్చు, గైడ్‌లో పట్టేసిన వాల్వ్ ఉంటే దాన్ని కదిపే పుష్ రాడ్ వంగుతుంది. వదిలిన బండ్ల కథే అందరికీ గుర్తుంటుంది, విరిగినవాటిని పాత ఇనుముకి తోలేస్తారు.

నెల్లూరు గారూ, మీకు జరిగినదానికి బాధగా ఉంది. అయితే తప్పు నానబెట్టడంలో లేదు, తిరిగిన వెంటనే స్టార్ట్ చేయడంలో ఉంది. తిరగడం వేరు, నడవడం వేరు. పైగా హెడ్ విప్పడం కూడా ఊరికే అయిపోదు. ఈ ఇంజన్‌కి రాకర్ షాఫ్ట్ (వాల్వ్‌లను నొక్కే మీటల కడ్డీ) దిమ్మెలను పట్టుకునే నట్లలో నాలుగు హెడ్ నట్లే. రాకర్ వదులు చేశావంటే గ్యాస్కెట్ పట్టు పోయినట్టే, అందుకే ముందు రేడియేటర్ నీళ్లన్నీ దింపాలి. హెడ్‌ని పట్టుకునే పాత స్టడ్ (మర కడ్డీ) ఒక్కటి బ్లాక్‌లో విరిగిందంటే దాన్ని డ్రిల్ చేసి తీయడం పెద్ద పని. హెడ్ లేవకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి లేపేవాళ్లని చూశాను, హెడ్, బ్లాక్ ఆనుకునే ముఖాలు గీతలు పడిపోయాయి. నేను చెప్పేది: టాపెట్ స్క్రూలు వదులు చేసి పుష్ రాడ్లు తీసెయ్, నానబెట్టు, తిప్పు, ఆ తర్వాతే హెడ్ విప్పి చూడు.

నెల్లూరు 1489:
అది ఒప్పుకుంటాను, కానీ వరస మార్చండి. ముందు హెడ్ తీస్తే అదే మందు సరిగ్గా రింగ్ అంచున పడుతుంది, చెక్కతో తట్టడానికి చోటు దొరుకుతుంది. మీ పద్ధతిలో తుప్పు మీదే రింగులు రుద్దుకుంటూ కదులుతాయి. స్టడ్లకి రెండు రోజులు ముందు నుంచే తుప్పు వదిలించే ఆయిల్ పట్టిస్తే చాలావరకు విరగవు.

కాకినాడ కుర్రాడు:
బెల్ట్, సెల్ఫ్ తీసి చూశాను, ఇంజనే పట్టేసింది. ప్లగ్గులు తీస్తే మూడోదాని మొనంతా ఎర్ర పొడి, మిగతా మూడూ నల్లగా పొడిగా ఉన్నాయి. అది చూశాక హెడ్ తీయడానికే నిర్ణయించుకున్నాను. నీళ్లు దింపి స్టడ్లన్నిటికీ ఆయిల్ పట్టించాను.

కాకినాడ కుర్రాడు (తొమ్మిది రోజుల తర్వాత):
హెడ్ వచ్చింది. ఒక్క స్టడ్ నట్టుతో పాటే ఊడి వచ్చింది, ఏదీ విరగలేదు. మూడో సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకునే ఉంది. పిస్టన్లు నాలుగూ మధ్యలో ఆగి ఉన్నాయి. అది అదృష్టమే అన్నాడు మేస్త్రి, పూర్తిగా పైనో కిందో ఆగి ఉంటే ఎంత తట్టినా క్రాంక్ తిరగదట. ఏటీఎఫ్, ఎసిటోన్ రింగ్ అంచున పోసి, వేప చెక్క ముక్క పెట్టి పొద్దునా సాయంత్రం మెల్లగా తట్టాం. నాలుగో రోజు బియ్యపు గింజంత దిగింది. ఆ సాయంత్రమే హ్యాండిల్ పావు చుట్టు తిరిగింది. అమ్మ షెడ్ గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఏమీ అనలేదు.

కానీ మూడో బోర్‌లో గోధుమ రంగు చారకి గోరు తగులుతోంది. దానికొక్కదానికి స్లీవ్ (బోర్ లోపల తొడిగే కొత్త గొట్టం) వేసి పాత పిస్టన్లే వాడొచ్చంటున్నాడు మేస్త్రి. నాలుగూ బోరింగ్ చేయించాలా?

నెల్లూరు 1489:
ముందు నాలుగు బోర్లూ పైన, మధ్యలో, కింద కొలిపించు. కొత్తలో బోర్ 73.025 మిల్లీమీటర్లు. మిగతా మూడూ దానికి దగ్గరగా ఉంటే స్లీవ్ చాలు. ఇంకో మాట, సంప్‌లో ఆయిల్ పూర్తిగా మార్చకుండా స్టార్ట్ చేయొద్దు. నువ్వు పోసిన ఎసిటోన్ ఆవిరైనా, దానితో పాటు జారిన తుప్పు పొడి అక్కడే ఉంటుంది. సంప్ దింపి కడుగు.

బెజవాడ గ్యారేజ్:
సంప్ దింపినప్పుడే బేరింగులు కూడా చూడు. కొలతలు వచ్చాక ఇక్కడ పెట్టు తమ్ముడూ.