ఒక్కరు రిపోర్ట్ చేసిన మెయిల్‌ను అందరి ఇన్‌బాక్స్‌ల నుంచీ వెంటనే తీసేయాలా?

లేఖాపాలకుడు:

ఉద్యోగి ఒకరు తనకు వచ్చిన మెయిల్ ఫిషింగ్ (పాస్‌వర్డ్‌లు, డబ్బు కాజేయడానికి పంపే మోసపు మెయిల్) అని అనుమానించి రిపోర్ట్ బటన్ నొక్కినప్పుడు భద్రతా సాఫ్ట్‌వేర్ ఏం చేయాలన్నది మా విభాగంలో ఎంతకీ తెగని వాదనగా మారింది. అదే మెయిల్ ఇంకా ఎవరెవరికి చేరిందో వెతికి అన్నింటినీ ఒకేసారి క్వారంటైన్‌కు, అంటే వాడుకరులకు అందకుండా విడిగా ఉంచే చోటుకు, పంపేయాలని కొందరంటే, విశ్లేషకుడు చూసి తేల్చేదాకా ఒక్క మెయిల్‌నూ కదిలించకూడదని మిగిలినవారు అంటున్నారు. నేను మొదటి పక్షం. వెరైజన్ సంస్థ 2024లో వెలువరించిన డేటా ఉల్లంఘనల నివేదిక ప్రకారం, మెయిల్ తెరిచాక మోసపు లింకు నొక్కడానికి పట్టే మధ్యస్థ సమయం 21 సెకన్లు. ఆపై పేజీలో వివరాలు నింపడానికి మరో 28 సెకన్లు. నిమిషం కూడా పట్టని మోసానికి, క్యూలో గంటల తరబడి పడి ఉండే విచారణ ఎలా సరితూగుతుందో నాకు అర్థం కావడం లేదు. క్వారంటైన్ అంటే చెరిపేయడం కాదు కదా, పొరపాటని తేలితే మెయిల్‌ను తిరిగి ఇన్‌బాక్స్‌లో పెట్టవచ్చు. నాతో ఏకీభవించనివారి కారణాలు తెలుసుకోవాలని ఉంది.

నిదానస్తుడు:

మీరు చూపిన అంకెలే మీ వాదనకు అడ్డం తిరుగుతున్నాయి. మెయిల్ తెరిచినవారు నిమిషంలోపే మోసపోతుంటే వారిని మీ తక్షణ తొలగింపు కూడా కాపాడలేదు. అది కాపాడేది ఇంకా తెరవనివారిని మాత్రమే. అది చిన్న మేలని అనను గానీ, దానికి చెల్లించే మూల్యం కూడా చూడాలి.

రిపోర్ట్‌ల క్యూను రోజూ చూసేవారిని అడగండి. వచ్చేవాటిలో ప్రకటనలు, తామే నమోదు చేసుకొని మరచిపోయిన వార్తాలేఖలు, మానవ వనరుల విభాగం బయటి ఏజెన్సీ ద్వారా పంపించిన సర్వేలు కుప్పలుగా ఉంటాయి. నేను పనిచేసిన ఒక సంస్థలో, పాస్‌వర్డ్ గడువు ముగుస్తోందని ఐటీ విభాగమే పంపిన అసలు మెయిల్‌ను ఎవరో రిపోర్ట్ చేశారు. (ఆ మెయిల్ రాసిన తీరు చూస్తే నేనైనా అదే పని చేసేవాణ్ణి.) సాఫ్ట్‌వేర్ దాన్ని అందరి నుంచీ తీసేసింది. గడువు దాటాక లాగిన్ కాలేకపోయినవారంతా హెల్ప్‌డెస్క్ మీద పడ్డారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. దొంగ చేతికి చిక్కిన ఖాతాలోనూ ఆ బటన్ ఉంటుంది. ఫలానా మెయిల్‌ను నమ్మవద్దని భద్రతా విభాగం పంపిన హెచ్చరికనే అతడు ఫిషింగ్ అని రిపోర్ట్ చేస్తే, మీ సాఫ్ట్‌వేర్ అతని తరఫున పనిచేసి ఆ హెచ్చరికను అందరి కళ్ల ముందు నుంచీ మాయం చేస్తుంది.

హెడర్ పాఠకురాలు:

మీరిద్దరూ రిపోర్ట్‌ను తీర్పులాగా చూస్తున్నారు. నా దృష్టిలో అది సాక్ష్యం, దాని విలువ అది ఏ రూపంలో చేరిందన్నదాన్ని బట్టి మారిపోతుంది. అనుమానం వచ్చిన మెయిల్‌ను మామూలుగా ఫార్వర్డ్ చేస్తే భద్రతా విభాగానికి చేరేది ఫార్వర్డ్ చేసినవారి కొత్త మెయిల్ మాత్రమే. అసలుది ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే రిసీవ్డ్ వరుసలు, ధ్రువీకరణ ఫలితాలు, ఆ మెయిల్‌ను గుర్తించే మెసేజ్ ఐడీ వంటి హెడర్లు (మెయిల్‌తోపాటు వచ్చే సాంకేతిక వివరాలు) అన్నీ పోతాయి. సరిగా తయారైన రిపోర్ట్ బటన్ అసలు మెయిల్‌ను హెడర్లతో సహా అటాచ్‌మెంట్‌గా పంపేది ఇందుకే. స్క్రీన్‌షాట్ తీసి పంపేవారూ ఉన్నారు, దానితో సాఫ్ట్‌వేర్ చేయగలిగింది చాలా తక్కువ.

హెడర్లు చేరినంత మాత్రాన నిజం తేలిపోదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, వాటి ఆధారంగా 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7489 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడిన డీమార్క్ అనే మూడు పరీక్షలూ మెయిల్ ఆ డొమైన్ (పంపినవారి చిరునామాలో @ తర్వాతి భాగం) అనుమతితోనే వచ్చిందా అన్నది చెబుతాయే తప్ప, పంపినవారి ఉద్దేశాన్ని చెప్పలేవు. సరఫరాదారు ఖాతాను చేజిక్కించుకున్న మోసగాడు పాత సంభాషణ కిందనే ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో చెల్లించండి’ అని జవాబు రాస్తే, ఆ మెయిల్ మూడింటిలోనూ నెగ్గుతుంది. లింకు ఉండదు, అటాచ్‌మెంట్ ఉండదు. లెక్కల విభాగంలో ఒకరికి మాట తీరు తేడాగా అనిపించి రిపోర్ట్ చేస్తే, యంత్రం పరీక్షలన్నీ జరిపి ‘హానికరం కాదు’ అని మూసేస్తుంది. తప్పుడు రిపోర్ట్ వల్ల మంచి మెయిల్ పోవడం కన్నా, సరైన రిపోర్ట్‌ను యంత్రం ఇలా మూసేయడమే నన్ను ఎక్కువగా భయపెడుతుంది. అది ఎవరి కంటా పడదు కూడా.

లింకులను తెరిచి చూసే స్కానర్లనూ అతిగా నమ్మకూడదు. స్కానర్ వచ్చిందని గుర్తించి ఖాళీ పేజీ చూపడం, మధ్యలో క్యాప్చా పెట్టడం, లింకును క్యూఆర్ కోడ్ బొమ్మలో దాచడం మోసగాళ్లకు మామూలే. పైగా లింకు తెరవడమే ఒక్కోసారి హాని చేస్తుంది: ఒక్కసారికే పనికొచ్చే పాస్‌వర్డ్ మార్పు లింకును స్కానర్ తెరిస్తే వాడుకరికి చెల్లని లింకు మిగులుతుంది. స్కానర్లు లింకులను తెరవడం వల్ల మనుషుల ప్రమేయం లేకుండానే వార్తాలేఖల చందాలు రద్దయ్యే ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకొనే, 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8058 ఒక్క క్లిక్కు రద్దును, లింకు తెరవడంతోనే జరిగిపోకుండా, విడిగా పంపే పోస్ట్ అభ్యర్థనతో జరపాలని నిర్దేశించింది.

కాబట్టి నేనైతే మెయిల్‌కు, లింకుకు, పంపినవారి డొమైన్‌కు వేర్వేరు నియమాలు పెడతాను. మెయిల్ నకళ్లను తాత్కాలికంగా పక్కన పెట్టడానికి రిపోర్ట్‌తోపాటు ఇంకొక స్వతంత్ర సూచన ఉంటే చాలు. కొత్తగా నమోదైన డొమైన్ కావచ్చు, మరో విభాగం నుంచి వచ్చిన రెండో రిపోర్ట్ కావచ్చు. లింకును మూసేయకుండా ముందు హెచ్చరిక పేజీ పెట్టవచ్చు. డొమైన్‌ను మాత్రం మనిషి చూడకుండా నిరోధించకూడదు, ఎందుకంటే మోసపు ఫైలు పెద్ద క్లౌడ్ నిల్వ సేవలో ఉంటే, ఆ డొమైన్‌తోపాటు అందరి ఫైళ్లూ ఆగిపోతాయి.

గోప్యతావాది:

రిపోర్ట్ అయిన మెయిల్ ఎవరి దగ్గరికి వెళ్తోందో కూడా చూడండి. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో అది మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాలా, సంస్థ సొంత మెయిల్‌బాక్స్‌కు వెళ్లాలా, రెండింటికీనా అన్నది అడ్మిన్ ఎంచుకోవచ్చు. ఆ అమరికను ఒక్కసారైనా తెరిచి చూడని అడ్మిన్లు నాకు తెలుసు. తప్పుగా రిపోర్ట్ అయ్యే మెయిళ్లలో జీతాల వివరాలు, వైద్య పత్రాలు కూడా ఉంటాయి.

లేఖాపాలకుడు:

హెడర్ పాఠకురాలు గారు చెప్పిన రెండో సూచన నియమం నాకు సమ్మతమే, అయితే తొలి రిపోర్ట్‌కూ రెండో దానికీ మధ్య గడిచే సమయంలో ఎందరు మోసపోతారన్న ప్రశ్న అలాగే ఉంది. గతంలో సరిగా రిపోర్ట్ చేసినవారి మాటకు ఎక్కువ బరువు ఇస్తే ఆ ఎడం తగ్గుతుంది. హెచ్చరికనే రిపోర్ట్ చేసే దొంగ విషయానికొస్తే, భద్రతా విభాగం చిరునామాకు మినహాయింపు ఇస్తే సరిపోతుంది.

నిదానస్తుడు:

మినహాయింపు ఉన్న చిరునామాయే దొంగకు అన్నింటికన్నా విలువైన చిరునామా అవుతుంది. అక్కడి నుంచి వచ్చిన మెయిల్‌ను ఎంతమంది రిపోర్ట్ చేసినా కదలదని అతనికి తెలియడమే ఆలస్యం. పాత రికార్డు చూసి బరువు ఇవ్వడం మంచిదే, కానీ కొత్తగా చేరిన ఉద్యోగి రికార్డు సున్నా, మోసగాళ్లు ముందుగా గురిపెట్టేదీ అతన్నే.

రాత్రి షిఫ్టు:

ఇంతసేపూ అందరూ మెయిల్ గురించే మాట్లాడారు, రిపోర్ట్ చేసిన మనిషి గురించి ఎవరూ అడగలేదు. పైన చెప్పిన వెరైజన్ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది: ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు పంపి జరిపిన పరీక్షల్లో లింకు నొక్కినవారిలో 11 శాతం మంది ఆ తర్వాత రిపోర్ట్ కూడా చేశారు. అంటే నా క్యూలో ఉన్న రిపోర్ట్‌లలో కొన్ని, పాస్‌వర్డ్ ఇచ్చేశాక అనుమానం వచ్చి పంపినవి. సాఫ్ట్‌వేర్ వాటిని మిగిలినవాటితో కలిపి మెయిల్ తీసేసి, ‘ధన్యవాదాలు, ఇది ఫిషింగే’ అని ఒక అచ్చు జవాబు పంపి, కేసు మూసేస్తుంది. ఆ జవాబు అందేసరికి దొంగ అదే మెయిల్‌బాక్స్‌లో కూర్చొని, ‘ఇన్‌వాయిస్’ అన్న మాట ఉన్న ప్రతి మెయిల్‌నూ ఎవరూ తెరవని ఫోల్డర్‌కు మళ్లించే నియమం రాసుకుంటూ ఉంటాడు. వాడుకరి పాస్‌వర్డ్ మార్చినా, వాడుకరికీ అసలు లాగిన్ పేజీకీ నడుమ దొంగ పెట్టిన మధ్యవర్తి పేజీ ద్వారా దొంగిలించిన సెషన్ టోకెన్ (లాగిన్ అయి ఉన్నారని చూపే గుర్తు) చెల్లుతూనే ఉండవచ్చు. సెషన్లన్నింటినీ విడిగా రద్దు చేయాలి.

లేఖాపాలకుడు:

బటన్ నొక్కగానే ‘మీరు లింకు తెరిచారా?’ అని అడిగే పెట్టె పెట్టాలని మేమూ ఒకసారి అనుకున్నాం. ఒప్పుకుంటే శిక్ష తప్పదన్న భయంతో అసలు రిపోర్ట్ చేయడమే మానేస్తారని పైవారు వద్దన్నారు.

రాత్రి షిఫ్టు:

వారి భయంలో నిజముంది, ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమూ చాలాచోట్ల లేదు. లింకులను మార్చి రాసి తన సర్వర్ మీదుగా పంపే సాఫ్ట్‌వేర్ మీ దగ్గర ఉంటే, ఎవరు ఎప్పుడు నొక్కారో దాని లాగ్‌లోనే ఉంటుంది. రిపోర్ట్ రాగానే ఆ లాగ్‌ను చూసి, నొక్కినవారి రిపోర్ట్‌ను క్యూ మొదట్లో పెట్టి, అనుమానం బలంగా ఉంటే సెషన్లు రద్దు చేసేలా నియమం రాయండి. క్యూఆర్ కోడ్‌ను సొంత ఫోన్‌తో స్కాన్ చేసినవారు మాత్రం ఆ లాగ్‌లో కనిపించరు, వారికి ఫోన్ చేసి మర్యాదగా అడగాల్సిందే.