‘గుంకకు’ అని ఎవరిని అంటారు?

– జపనీస్‌లో ‘సైనిక విస్తరణ’కు సరైన మాట ఏదండీ? డిక్షనరీలో ‘గుంకకు’ అని ఉంది. జపాన్ ప్రభుత్వ ప్రకటన మీద ఎక్సర్‌సైజ్ రాస్తూ అదే వాడితే మా టీచర్ కొట్టేశారు.

– డిక్షనరీదీ తప్పు కాదు, టీచర్‌దీ కాదు. ‘గుంబి’ అంటే ఆయుధ బలగం, ‘కకుచో’ అంటే పెంచడం. రెండిటినీ కత్తిరించి అతికిస్తే గుంకకు. దీనికి ఎదురుమాట ‘గుంషుకు’, అంటే తగ్గింపు. 1930 నాటి లండన్ నౌకాదళ సమావేశాన్ని జపనీస్‌లో గుంషుకు సమావేశమనే అంటారు. చిక్కల్లా గుంకకులో నింద ధ్వనించడం. పక్కదేశం చేస్తే పత్రికల్లో గుంకకు. తమ ప్రభుత్వం చేస్తే ‘బోయెయ్‌ర్యోకు క్యోకా’, రక్షణశక్తిని బలపరచడం! 2022 డిసెంబరులో అయిదేళ్లకు దాదాపు 43 లక్షల కోట్ల యెన్‌ల ఖర్చు ఖాయం చేసినప్పుడు ప్రభుత్వం వాడింది ఈ రెండోదే. కమ్యూనిస్టు పార్టీ వాళ్లు మాత్రం దాన్నే ‘దాయ్ గుంకకు’ అన్నారు. ‘దాయ్’ అంటే మహా. ఎవరు ఏ పక్షమో మాటలోనే తెలిసిపోతుంది.

– మనమూ ‘రక్షణ బడ్జెట్’ అనే అంటాం కదా!

– అంటాం. కానీ సైన్యాన్ని సైన్యమనే పిలుస్తాం. వాళ్ల రాజ్యాంగం 9వ అధికరణం సేనలు ఉంచుకోబోమంటుంది కాబట్టి, సొంత దళాల పేర్లలో సైన్యం అని అర్థమిచ్చే ‘గున్’ అన్న అక్షరాన్నే దగ్గరికి రానివ్వరు. పదాతిదళం పేరు ‘ఫుత్సూకా’, అక్షరాలా ‘మామూలు విభాగం’. అన్ని స్టేషన్లలో ఆగే ప్యాసింజర్ బండీ ఫుత్సూయే! ట్యాంకును 1960ల మొదటిదాకా ‘ప్రత్యేక వాహనం’ అన్నారు. ఇజుమో అనే జపాన్ యుద్ధనౌక పొడవు 248 మీటర్లు, దాని మీద ఎఫ్-35బీ యుద్ధవిమానాలు దిగేలా మార్పులు చేస్తున్నారు. అయినా అది ‘గోయెయ్‌కన్’, అంటే తోడు వెళ్లే కాపలా ఓడ.

ఇంకొకటి. తెలుగులో ‘సైనిక విస్తరణ’ అంటే పక్కవాడి నేల మీదికి పోవడం కూడా స్ఫురిస్తుంది. గుంకకులో ఆ అర్థం లేదు. దానికి దగ్గరగా ఉండేది ‘బోచో’, ఉబ్బడం. వేడికి ఇనుము వ్యాకోచించినా అదే మాట.

– వాపును బలుపు అనుకునే రకమన్నమాట!

– హహ, అదే. నేనైతే గుంకకును ‘ఆయుధబలం పెంపు’ అని రాస్తున్నాను. గోయెయ్‌కన్ దగ్గరే ప్రతిసారీ కలం ఆగుతోంది. డెస్ట్రాయర్ (విధ్వంసక నౌక) అంటే వాళ్లు దాచింది బయటపెట్టినట్టు, కాపలా ఓడ అంటే మనమూ కలిసి దాచినట్టు. మీరైతే ఏం రాస్తారు?