ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే సొమ్ముకూ అక్కడ అందే సేవకూ లెక్క చెప్పవలసింది ఎవరు?

ప్రశ్న – విశ్రాంత ఉపాధ్యాయుడు, రాయలసీమ

మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, మధుమేహం మాత్రలు నెలలో కొన్ని రోజులు ఉంటాయి, కొన్ని రోజులు ఉండవు. లేనప్పుడు డబ్బున్నవారు బయట మందుల షాపులో కొనుక్కుంటారు, లేనివారు మాత్రలు మానేస్తారు. కేంద్రంలో అడిగితే పైనుంచి సరఫరా రాలేదంటారు. జిల్లా కార్యాలయంలో అడిగితే కేంద్రంవాళ్లు సకాలంలో ఇండెంటు (కావలసిన మందుల కోరిక పట్టీ) పెట్టలేదంటారు. ఎవరి మాట నిజమో తేల్చుకునే దారి మాబోటివారికి కనిపించడం లేదు.

ఏటా బడ్జెట్ రోజున వైద్య ఆరోగ్య శాఖకు వేల కోట్లు కేటాయించారని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అందులో మా కేంద్రానికి ఎంత వచ్చింది, వచ్చినదాన్ని దేనికి ఖర్చు పెట్టారు, ఆ ఖర్చుకు తగిన సేవ మాకు అందిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఎవరినో శిక్షింపజేయాలని నేను అడగడం లేదు. అక్కడి డాక్టరమ్మ తనకు చేతనైనంత కష్టపడుతూనే ఉన్నారు. లెక్క బయటికి రావాలి, మాత్రలు ఆగకూడదు, నాకు కావలసింది అంతే. తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం – ఖజానా శాఖలో పనిచేసి విరమించినవారు

నమస్కారం మాస్టారూ. మీ మూడు ప్రశ్నలకు జవాబు మూడు వేర్వేరు బల్లల మీద ఉండడమే అసలు చిక్కు.

బడ్జెట్ ప్రసంగంలో వినిపించేది అంచనా మాత్రమే. అది మరుసటి ఏడాది పత్రాల్లో సవరించిన అంచనాగా మారుతుంది, ఆపై ఏడాది వాస్తవ వ్యయంగా కనిపిస్తుంది. అంటే 2023-24లో నిజంగా ఎంత ఖర్చయిందో తెలియాలంటే 2025-26 బడ్జెట్ పుస్తకాలు తెరవాలి. పత్రికలు మొదటి అంకెను పతాక శీర్షికకు ఎక్కిస్తాయి గానీ, రెండేళ్ల తర్వాత వచ్చే ఆ చివరి అంకెను పట్టించుకునేవారు అరుదు. పైగా కేటాయింపు వేరు, విడుదల ఉత్తర్వు వేరు, ఖజానాలో బిల్లు పాసై సొమ్ము చేతికి అందడం వేరు. నా ఉద్యోగ కాలంలో చూసినంతవరకు సేవలు కుంటుపడేది ఎక్కువగా ఈ చివరి రెండు మెట్ల మధ్యనే. ఉత్తర్వు ఉంటుంది, బిల్లు పెండింగులో ఉంటుంది, పాత బాకీ తీరని సరఫరాదారు కొత్త సరుకు పంపడానికి వెనకాడతాడు.

ఇక బాధ్యత సంగతి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కనుక మొదటి జవాబుదారీ రాష్ట్ర ప్రభుత్వానిదే. అయితే జాతీయ ఆరోగ్య మిషన్ సొమ్ములో మన రెండు రాష్ట్రాలకూ కేంద్ర ప్రభుత్వ వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం కావడంతో, ఏదైనా ఆగినప్పుడు ఒకరి వైపు మరొకరు వేలు చూపించడానికి వీలు చిక్కుతుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వాల ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరుస్తామని చెప్పింది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో అది 1.84 శాతం, అదీ కోవిడ్ ఖర్చులు కలిసిన ఏడాదిలో. ఈ లోటుకు కేంద్ర ప్రభుత్వం, రాష్ట్రాలు రెండూ సంజాయిషీ చెప్పుకోవలసిందే.

డబ్బు లేదన్న జవాబు చట్టం ముందు నిలవదని కూడా గుర్తుంచుకోండి. పశ్చిమ బెంగాల్లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోకుండా పంపివేసిన కేసులో, సకాలంలో చికిత్స అందించకపోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమేనని, ఆర్థిక ఇబ్బందులు చూపి ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది.

మీ చేతిలో ఉన్న సాధనం 2005 సమాచార హక్కు చట్టం. దాని నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తనకు కేటాయించిన బడ్జెట్టునూ చేసిన చెల్లింపులనూ ఎవరూ అడగకముందే ప్రకటించాలి. అది జరగని చోట దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుమే లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

సమాధానం – ఫార్మసిస్టు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం

పై సమాధానం సరైనదే కానీ, "మా కేంద్రానికి మందులకు ఎంత డబ్బు వచ్చింది" అని రాస్తే మీకు ఉపయోగపడే జవాబు రాదు, ఎందుకంటే మందుల్లో ఎక్కువ భాగాన్ని ఆరోగ్య కేంద్రం కొనదు. రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ ధరలు ఖరారు చేసి కొంటుంది. సరుకు జిల్లా ఔషధ నిల్వ కేంద్రానికి వస్తుంది, అక్కడినుంచి మేము పెట్టిన ఇండెంటును బట్టి మాకు వస్తుంది. ఇదంతా ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ వ్యవస్థలో తేదీలతో సహా నమోదవుతుంది. కాబట్టి మీరు అడగవలసింది ఫలానా మాత్రకు ఇండెంటు ఏ తేదీన పెట్టారు, ఎన్ని అడిగారు, ఎన్ని వచ్చాయి, ఏ తేదీన వచ్చాయి, స్టాకు రిజిస్టరులో నిల్వ సున్నాగా ఉన్న రోజులు ఎన్ని అన్నది. ఒక్క ఏడాదికి, రెండే రెండు మందులకు అడగండి. ఆ తేదీలు పక్కపక్కన పెడితే ఆలస్యం మా దగ్గర జరిగిందో, జిల్లాలో జరిగిందో, అంతకంటే పైన జరిగిందో ఎవరూ కాదనలేని విధంగా తెలిసిపోతుంది. అది తెలియడం మాలాంటి సిబ్బందికీ మేలే, ఎందుకంటే కౌంటర్ దగ్గర రోగి కోపాన్ని భరించేది మేమే.

ఇంకొక సంగతి బయటివారికి తెలియదు, అందుకే నొక్కి చెబుతున్నాను. ఇండెంటు సాధారణంగా గత వాడకాన్ని బట్టి వేస్తారు. మాత్రలు రెండు వారాలు లేకపోతే ఆ రెండు వారాల వాడకం సున్నాగా నమోదవుతుంది, మొత్తం వాడకం తగ్గినట్లు కనిపిస్తుంది, తర్వాతి ఇండెంటు కూడా తక్కువగానే పడుతుంది. మరోవైపు ఇంటింటి పరీక్షలతో రక్తపోటు రోగుల జాబితా పెరుగుతూనే ఉంటుంది. అంటే నిరుటి కొరతే ఈ ఏటి కొరతకు కారణమవుతుంది, కాగితం మీద మాత్రం అడిగినంతా సరఫరా చేసినట్లే ఉంటుంది. అందువల్ల నమోదైన రోగుల సంఖ్యను కూడా ఆ దరఖాస్తులోనే అడగండి. తమిళనాడులో 1994లో ఏర్పడిన వైద్య సేవల సంస్థ ప్రతి ఆసుపత్రికీ ఒక పాసుపుస్తకం ఇచ్చి, తన వాటాలో ఎంత విలువైన మందులు తీసుకున్నదో, ఇంకా ఎంత మిగిలిందో అందులో రాసే పద్ధతి పెట్టింది. అలాంటి పుస్తకం మన కేంద్రాల్లో కూడా ఉండి, రోగులు కూర్చునే చోట గోడకు వేలాడదీస్తే మీలాంటివారు దరఖాస్తు రాయవలసిన అవసరమే ఉండదు.

సమాధానం – పాఠకురాలు, వరంగల్

నాకు ఈ చర్చ ఒక కేంద్రం, రెండు మాత్రల దగ్గర ఆగిపోతుందేమోనన్న ఆందోళన ఉంది. 2017 విధానమే ఆరోగ్య నిధుల్లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి దక్కాలని చెప్పింది, కానీ ఎన్నికల వేదికల మీద మనం వినేది ఆరోగ్యశ్రీ పరిమితి ఎంత పెరిగిందన్నదే. 2007లో మొదలైన ఆ పథకం ఎన్నో పేద కుటుంబాలను అప్పుల నుంచి కాపాడిన మాట వాస్తవం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. అయితే పరిమితి పెంచడం అంటే ఖర్చు పెంచడం కాదు. బకాయిలు చెల్లించలేదని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేస్తామని ప్రకటించడం రెండు రాష్ట్రాల్లోనూ పలుమార్లు చూశాం. ఆ రోజుల్లో కార్డు మీద రాసిన లక్షలు రోగికి ఏ విధంగానూ ఉపయోగపడవు.

మాస్టారు చెప్పిన మాత్రలు అందక పక్షవాతం వచ్చిన మనిషికి పెద్దాసుపత్రిలో చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది, ఆ మాత్రలకు అయ్యే కొద్దిపాటి సొమ్ము మాత్రం సకాలంలో అందదు. ఈ ప్రాధాన్యక్రమాన్ని ఎవరు నిర్ణయించారని శాసనసభలో అడగాలి. బీమా పద్ధతిలో వెళ్లే సొమ్ముకు తనిఖీ కూడా కష్టమే. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్‌పై 2023లో కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) పార్లమెంటుకు సమర్పించిన నివేదిక, దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్లు ఒకే ఒక మొబైల్ నంబరుతో ముడిపడి ఉన్నాయని బయటపెట్టింది. రాష్ట్రాలపై కాగ్ ఇచ్చే నివేదికలు శాసనసభకు వస్తాయి, అక్కడినుంచి వాటిని పరిశీలించే శాసనసభ్యుల ప్రజా పద్దుల సంఘం ముందుకు వెళ్తాయి. ఆ సంఘంలో మీ జిల్లా సభ్యుడు ఎవరైనా ఉంటే ఆయనకు ఉత్తరం రాయడం వృథా ప్రయాస అని నేను అనుకోను.

అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఫార్మసిస్టు గారు చెప్పినట్లు రెండు మందులకే పరిమితమై దరఖాస్తు రాస్తాను. వరంగల్ పాఠకురాలి మాటతో ఏకీభవిస్తూనే ఒక సందేహం. జవాబు వచ్చాక అది నా దగ్గర ఒక కాగితంగా మిగిలిపోకుండా ఏ సభలో పెట్టాలి? ఒంటరిగా అడిగేవాడిని వ్యక్తిగత కక్షతో అడుగుతున్నాడనుకునే అవకాశం ఉంది.

సమాధానం – సామాజిక తనిఖీల్లో పనిచేసినవారు

అందుకు మన నేల మీదే పాఠం ఉంది. ఉపాధి హామీ పనులకు 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్లలోని (కూలీల హాజరు పట్టీల్లోని) పేర్లనూ చెల్లింపులనూ గ్రామసభలో పైకి చదివితే, పని చేయనివారి పేర్లు ఎక్కడున్నాయో కూలీలే చెప్పేవారు. మహారాష్ట్రలో ఆరోగ్య మిషన్ కింద 2007లో మొదలైన ప్రజా పర్యవేక్షణలో ఇలాగే ఆరోగ్య కేంద్రాల పరిస్థితిని బహిరంగ విచారణల్లో అధికారుల ఎదుటే చర్చించారు. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకి ఏకంగా చట్టమే చేసింది. ఉపాధి హామీకి ఇంత చేసిన మన రాష్ట్రాలు ఆరోగ్యానికి ఎందుకు చేయలేదన్నది నన్ను ఎప్పటినుంచో బాధిస్తున్న ప్రశ్న.

చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో వైద్యశాఖ సమీక్ష ఉంటుంది, జిల్లా పరిషత్తులో విద్య, వైద్య సేవలకు స్థాయీ సంఘం ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది కనుక, ఇది తమ పరిధి కాదని స్థానిక ప్రతినిధులు అనడానికి వీల్లేదు. దరఖాస్తును మీ ఒక్కరి పేరుతో కాకుండా, మాత్రలు వాడుతున్న ఐదారుగురు విడివిడిగా, ఒకే విషయం మీద పెట్టండి. జవాబు వచ్చాక దాన్ని మీ ఎంపీటీసీ సభ్యుని చేత సమావేశంలో చదివించి, మినిట్స్‌లో (సమావేశ చర్చల నమోదులో) రాయించండి. మినిట్స్ నకలు తప్పనిసరిగా తీసుకోండి, ఎందుకంటే మూడు నెలల తర్వాత జరిగే సమావేశంలో మొదట అడగవలసింది దాని గురించే.