స్లో కుక్కర్‌లో పోర్క్ రిబ్స్: నీళ్లు ఎంత పోయాలి, ఎన్ని గంటలు ఉంచాలి?

ప్రశ్న

వచ్చే ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ ఆరుగురం కలిసి భోజనానికి కూర్చుంటాం. పొద్దున్నే స్లో కుక్కర్‌లో (తక్కువ వేడిలో గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్ర) పోర్క్ రిబ్స్, అంటే పంది పక్కటెముకల మాంసం, పెట్టేసి, సాయంత్రం దాకా వాటి జోలికి వెళ్లకుండా ఉండాలన్నది నా ఉద్దేశం. ఆరు లీటర్ల కుక్కర్ ఉంది. రెండు ర్యాక్‌ల (విడదీయని పక్కటెముకల వరుసలు) బేబీ బ్యాక్ రిబ్స్, అంటే వెన్నెముక వైపు ఉండే పొట్టి రిబ్స్, ఫ్రీజర్‌లో ఉన్నాయి. కొందరు రిబ్స్ మునిగేటట్టు నీళ్లు పోయమంటున్నారు, కొందరు చుక్క కూడా వద్దంటున్నారు. ‘లో’ (తక్కువ వేడి)లో పెట్టాలా, ‘హై’ (ఎక్కువ వేడి)లోనా? గడ్డకట్టిన మాంసాన్ని అలాగే వేయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ చివరి ప్రశ్న రుచికి కాక ఆరోగ్యానికి సంబంధించినది కనుక ముందు దానికే జవాబు చెబుతాను. గడ్డకట్టిన మాంసాన్ని స్లో కుక్కర్‌లో నేరుగా వేయకండి. ఈ పాత్ర చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి మాంసం 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే బ్యాక్టీరియా చురుగ్గా పెరిగే వేడిలో, గంటల తరబడి ఉండిపోతుంది. శుక్రవారం రాత్రే తీసి, అంచున్న పళ్లెంలో ఫ్రిజ్ కింది అరలో ఉంచితే ఆదివారం ఉదయానికి సిద్ధంగా ఉంటాయి.

నీళ్ల విషయంలో నేను రెండో పక్షం వైపే మొగ్గుతాను. మూత పెట్టిన కుక్కర్ నుంచి ఆవిరి పెద్దగా బయటకు పోదు. మాంసం నుంచి ఊరే రసం, కరిగిన కొవ్వు అడుగున చేరుతూనే ఉంటాయి. మునిగేటట్టు నీళ్లు పోస్తే రుచంతా ఆ నీళ్లలోకి దిగిపోయి మాంసం చప్పబడుతుంది. అరకప్పు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపి అడుగున పోస్తే సరిపోతుంది.

ఎముకల వైపు మెరుస్తూ పలుచటి పొర ఒకటి ఉంటుంది. అది పంటి కింద సాగుతుంది, మసాలాను కూడా మాంసానికి పట్టనివ్వదు. ఒక చివర చెంచా కాడను పొర కిందికి దూర్చి కాస్త లేపి, ఆ అంచును పేపర్ టవల్‌తో పట్టుకుని లాగితే చాలాసార్లు మొత్తంగా ఊడివస్తుంది. వట్టి వేళ్లకైతే జారిపోతుంది. తరువాత ఉప్పు, బ్రౌన్ షుగర్, పాప్రికా (ఒక రకం ఎర్ర మిరప పొడి), మిరియాల పొడి, వెల్లుల్లి పొడి కలిపి రెండు వైపులా రుద్ది, ఒక్కో ర్యాక్‌ను రెండుగా కోసి, మాంసం వైపు కుక్కర్ గోడకు ఆనేటట్టు నిలబెట్టండి. ‘లో’లో ఆరు నుంచి ఏడు గంటలు చాలు. మధ్యలో మూత తీసి చూడాలన్న ఆత్రాన్ని ఆపుకోండి, ఎందుకంటే పోయిన వేడి మళ్లీ చేరడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది.

రెండో సమాధానం

ఉడికే సమయం గురించి ఒక్క మాట చేర్చాలి. పంది మాంసం 63 డిగ్రీలకు చేరి మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమే, కానీ రిబ్స్ ఆ దశలో ఇంకా గట్టిగానే ఉంటాయి. ఎముకల మధ్యనున్న కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం నిదానంగా మెత్తటి జెలటిన్‌గా మారి, లోపలి వేడి 90 డిగ్రీల దరికి వచ్చాకే అవి మెత్తబడతాయి. ‘హై’లో మూడు నాలుగు గంటల్లో ఉడుకుతాయి కానీ, మీకు రోజంతా ఉన్నప్పుడు ఆ తొందర అనవసరం. అలాగని ‘లో’లో పది గంటలు వదిలేస్తే ఎముకలు ఊడిపోయి పీచులా అవుతాయి, కొందరికి అదే ఇష్టం, నాకు మాత్రం ఎముక పట్టుకుని కొరికితేనే రిబ్స్ తిన్నట్టుంటుంది. ఆరో గంటలో ఎముకల మధ్య కత్తి మొన గుచ్చి చూడండి. సులువుగా దిగితే ఆపేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. పైన రంగు రావడానికి ఓవెన్‌లో పెట్టాలంటారు. మా ఇంట్లో ఓవెన్ లేదు. సాస్‌ను ముందే పోసేయవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ముందే పోస్తే ఊరిన రసంలో కలిసి పలుచనైపోతుంది, వద్దండి. ఓవెన్ ఉన్నవారు సాస్ పూసి గ్రిల్ కింద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచుతారు. మీరు కుక్కర్‌లోని రసంపై తేలిన కొవ్వును గరిటెతో తీసేసి, మిగిలినదాన్ని సాస్‌తో కలిపి పొయ్యి మీద సగానికి మరిగించండి. రిబ్స్‌ను రెండేసి ఎముకలుగా కోసి, మందపాటి పెనం మీద మాంసం వైపు కింద ఉండేటట్టు పెట్టి, ఈ సాస్ పూస్తూ రెండు నిమిషాలు కాల్చండి. చక్కెర ఉంది కాబట్టి పెనం పక్కనే నిలబడాలి; మాడితే చేదెక్కుతుంది. మిగిలినవాటిని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొయ్యి మీదే వేడి చేసుకోండి, కుక్కర్‌లో కాదు.